మూడడుగుల దూరంలో ముచ్చెమటలు
చేతి తడబాటా, మనసు బెదురా, పట్టర్ లోపమా? గోల్ఫ్ క్రీడాకారులను వేధించే ప్రశ్న

జంషెడ్‌పూర్: మూడు వందల గజాల దూరానికి బంతిని గురి తప్పకుండా కొట్టిన ఆటగాడే, మూడడుగుల దూరంలోని రంధ్రంలోకి అదే బంతిని దొర్లించవలసి వచ్చినప్పుడు చేయి ఆడక నిలబడిపోవడం గోల్ఫ్ ఆటలోని వింత. చూసేవారికి అది చిన్నపిల్లలు సైతం చేయగల పనిగా కనిపిస్తుంది. ఆడేవాడికి మాత్రం ఆ క్షణంలో మణికట్టు మాట వినదు. కర్ర బంతిని తాకబోయే ముందు చేయి ఒక్కసారిగా అదురుతుంది. బంతి రంధ్రం అంచును ఒరుసుకుంటూ పక్కకు పోతుంది. గోల్ఫ్ పరిభాషలో ఈ తడబాటుకు 'యిప్స్' అని పేరు.

రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. దానిమీద బంతిని దొర్లించే కర్ర పట్టర్. అలా దొర్లించే దెబ్బ పట్. యిప్స్ పట్టుకున్న వ్యక్తి సాధారణంగా చేసే మొదటి పని పట్టర్‌ను నిందించడం, రెండవ పని కొత్తది కొనుక్కోవడం. 'ఆడలేక మద్దెల ఓడు' అన్న సామెత ఇలాంటి వారిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. అయితే మద్దెల నిజంగానే ఓడుగా ఉండే సందర్భాలూ లేకపోలేదు. లోపం చేతిలో ఉన్నదా, మనసులో ఉన్నదా, పనిముట్టులో ఉన్నదా అన్నది తేల్చుకోకుండా చేసే చికిత్స వల్ల డబ్బు, కాలం రెండూ వృథా అవుతాయి.

ఉక్కు నగరంలో పచ్చిక బయళ్ళు

ఈ ప్రశ్నకు జంషెడ్‌పూర్ తగిన వేదిక. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ 1912లో ఇక్కడ తొలి ఉక్కును తయారు చేసింది. 1919లో ఈ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టారు. ఒకప్పుడు బీహార్‌లో భాగమైన ఈ నగరం 2000 సంవత్సరంలో ఏర్పడిన జార్ఖండ్ రాష్ట్రంలోకి వచ్చింది. తెలుగువారికి ఈ ఊరు కొత్త కాదు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ అనేకం. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తుగా నిలిచి ఉన్నది.

కొలిమి వేడికి పేరుపడ్డ ఈ ఊరిలోనే బెల్డీ, గోల్మురి అనే రెండు గోల్ఫ్ మైదానాలున్నాయి. కురుష్ హీర్జీ, కరణ్ టాంక్ వంటి వృత్తి క్రీడాకారులు ఈ నగరం నుంచి వచ్చినవారే. భారత వృత్తి గోల్ఫ్ పోటీలను నిర్వహించే పీజీటీఐ 2006లో ఏర్పడింది. మొదట టాటా ఓపెన్ పేరుతోనూ, తరువాత టాటా స్టీల్ టూర్ చాంపియన్‌షిప్ పేరుతోనూ ఆ సంస్థ పోటీలు ఈ మైదానాలలో జరిగాయి. 2020 డిసెంబరులో కోటిన్నర రూపాయల బహుమతి మొత్తంతో జరిగిన చాంపియన్‌షిప్‌ను గగన్‌జీత్ భుల్లర్ గెలుచుకున్నారు.

సీజన్ ముగింపు పోటీ అంటే ట్రోఫీ ఒక్కటే కాదు. ఏడాది పొడవునా సంపాదించిన మొత్తాన్నిబట్టి తయారయ్యే 'ఆర్డర్ ఆఫ్ మెరిట్' జాబితా ఆ వారంతో ముగుస్తుంది. అందులో ముందు వరుసలలో ఉన్నవారికే మరుసటి సంవత్సరం పోటీలలో నేరుగా ప్రవేశం. వెనుకబడినవారు మళ్ళీ అర్హత పోటీల గడప తొక్కవలసిందే. గోల్ఫ్ వృత్తిలో నెలజీతం లేదు. రైలు చార్జీలు, బస ఖర్చు, సామగ్రి మోసే క్యాడీకి ఇచ్చే డబ్బు అన్నీ ఆటగాడి జేబు నుంచే పోవాలి. మామూలు పోటీలలో మొదటి రెండు రోజుల ఆట ముగిశాక నిర్ణయించిన స్కోరు దాటలేనివారికి ఆ వారం ఆదాయం సున్న. ఆ గీతకు ఇటు నిలిచేదీ, అటు పడేదీ తరచు ఒక్క దెబ్బ తేడాతోనే. మూడడుగుల పట్ తప్పిపోవడం అంటే ఒక వారం కూలి పోవడమని వృత్తి క్రీడాకారులకు వేరే చెప్పనక్కరలేదు.

లెక్కలు చెప్పే నిజం

గోల్ఫ్ రంధ్రం వ్యాసం నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంటే రంధ్రం వెడల్పు బంతికి సుమారు రెండున్నర రెట్లు. మూడడుగుల దూరం నుంచి నెమ్మదిగా దొర్లించిన బంతి సమతలమైన పచ్చిక మీద కుడికో, ఎడమకో దాదాపు మూడు డిగ్రీలు వాలినా లోపల పడుతుంది. పది అడుగుల దూరానికి వెళ్ళేసరికి ఈ వెసులుబాటు ఒక్క డిగ్రీకి కుంచించుకుపోతుంది. బంతి ఏ దిక్కుగా బయలుదేరుతుందన్నది ముఖ్యంగా తాకిడి క్షణంలో పట్టర్ ముఖం ఎటు చూస్తున్నదన్న దానిమీదే ఆధారపడుతుంది. మణికట్టు రవ్వంత మెలితిరిగితే చాలు, మూడడుగుల దూరం కూడా ముప్పై అడుగులుగా మారుతుంది.

సాధారణంగా 72 దెబ్బలలో పూర్తి చేయవలసిన ఆటలో ఒక్కొక్క గ్రీన్‌కు రెండు చొప్పున 36 పట్‌లు లెక్కలోకి వస్తాయి. 'ఆటలో సగం పట్టింగే' అన్న నానుడి ఇలా పుట్టినదే. కాని కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ అమెరికా పోటీలలోని లక్షల దెబ్బలను విశ్లేషించి 2014లో ప్రచురించిన గ్రంథంలో వేరొక విషయం తేలింది. అగ్రశ్రేణి ఆటగాళ్ళకూ, తక్కినవారికీ మధ్య ఉన్న తేడాలో పట్టింగ్ వాటా సుమారు 15 శాతమేనని ఆయన లెక్క కట్టారు. మేటి వృత్తి క్రీడాకారులు సైతం ఎనిమిది అడుగుల దూరం నుంచి రెండింట ఒకటి మాత్రమే రంధ్రంలో వేయగలుగుతారని కూడా ఆ గణాంకాలు చెబుతున్నాయి.

ఈ రెండవ మాట మామూలు ఆటగాళ్ళు గుర్తుంచుకోదగినది. ఎనిమిది అడుగుల పట్ తప్పినంత మాత్రాన తనకేదో జబ్బు పట్టుకున్నదని భయపడనక్కరలేదు. తప్పిపోయే పట్‌లన్నీ యిప్స్ కావు. బంతి రంధ్రంలో పడకపోవడం వేరు, చేయి తన అదుపులో లేకపోవడం వేరు.

వైణికుల చేతికీ, లేఖకుల వేళ్ళకూ వచ్చేదే

యిప్స్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన ఘనత స్కాట్లాండ్‌లో పుట్టి అమెరికాలో పేరు గడించిన టామీ ఆర్మర్‌కు దక్కుతుంది. దీర్ఘకాలం దీనిని పిరికితనంగానే పరిగణించారు. 1989లో 'న్యూరాలజీ' అనే వైద్య పత్రికలో వెలువడిన ఒక సర్వే ఈ అభిప్రాయాన్ని కదిలించింది. విచారించిన నిపుణులైన ఆటగాళ్ళలో 28 శాతం మంది తమకు ఈ అనుభవం ఉన్నదని చెప్పినట్లు ఆ సర్వే తెలిపింది. దీనిని 'ఫోకల్ డిస్టోనియా' అనే నాడీ సంబంధమైన రుగ్మతగా ఆ పరిశోధకులు వర్ణించారు.

ఒకే సున్నితమైన కదలికను ఏళ్ళ తరబడి వేలసార్లు చేసేవారిలో ఆ పనికి సంబంధించిన కండరాలు మాత్రమే అదుపు తప్పడం ఈ రుగ్మత లక్షణం. అదేపనిగా వ్రాసే గుమాస్తాల వేళ్ళు కలం పట్టగానే కొంకర్లు పోవడం, వాద్య విద్వాంసుల వేలు వాద్యం మీద పెట్టగానే ముడుచుకుపోవడం ఈ కోవకు చెందినవే. అదే చేతితో అన్నం కలుపుకోవడానికీ, బొత్తాం పెట్టుకోవడానికీ ఏ ఇబ్బందీ ఉండదు. క్రికెట్‌లో కొందరు స్పిన్ బౌలర్లు ఉన్నట్టుండి బంతిని వేళ్ళ నుంచి వదలలేకపోవడాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తారు.

అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన ఐన్స్‌లీ స్మిత్ బృందం 2000, 2003 సంవత్సరాలలో ప్రచురించిన పరిశీలనలు మరొక ముఖ్యమైన భేదాన్ని చూపించాయి. యిప్స్ అన్నది ఒకే జబ్బు కాదనీ, ఒక కొసన నాడీ రుగ్మత, మరొక కొసన ఒత్తిడి వల్ల కలిగే బిగుసుబాటు ఉన్నాయనీ, చాలామంది ఈ రెంటి నడుమ ఎక్కడో ఒకచోట ఉంటారనీ ఆ బృందం ప్రతిపాదించింది. మొదటి రకానికి ధైర్యవచనాలు మందు కావు. రెండవ రకానికి పట్టర్ మార్పు మందు కాదు. అసలు చిక్కంతా ఒకరి మందు మరొకరు వాడటంలోనే ఉన్నది.

ఏ రకమో తెలుసుకోవడానికి ప్రాథమికమైన పరీక్షలు మైదానంలోనే చేసుకోవచ్చు. బంతి లేకుండా పట్టర్‌ను ఊపి చూడాలి. తరువాత బంతిని పెట్టి, రంధ్రం లేని వైపుకు దొర్లించాలి. ఆ తరువాత రంధ్రం వైపుకు, చివరకు పందెం కట్టి ఆడాలి. పందెం ఉన్నప్పుడే చేయి బిగుసుకుంటే అది ఒత్తిడికి సంబంధించినది కావచ్చు. ఒంటరిగా, ఏ పందెమూ లేనప్పుడు కూడా బంతి ఎదుట ఉన్నంత మాత్రాన మణికట్టు అదురుతుంటే నాడీ సంబంధమైన కారణాన్ని అనుమానించాలి. కుడిచేయి ఒక్కదానితోనూ, ఎడమచేయి ఒక్కదానితోనూ విడివిడిగా దొర్లించి చూస్తే ఏ చేయి దోషమో బయటపడే అవకాశం ఉన్నది. వ్రాతలోనో, ఇతర పనులలోనో కూడా వణుకు కనిపిస్తే శిక్షకుడిని కాదు, నాడీ వైద్యుడిని సంప్రదించాలి.

ఓటమి నుంచి తేరుకున్న లాంగర్

ఈ తడబాటుకు గురైనవారిలో మహామహులున్నారు. అమెరికా టూర్‌లో 82 విజయాలు సాధించిన శామ్ స్నీడ్ చివరి రోజులలో చేతులు సాగక, బంతికి రెండు వైపులా కాళ్ళు పెట్టి, క్రోకే ఆట తరహాలో బంతిని నెట్టవలసి వచ్చింది. బంతి దారికి ఇరువైపులా కాళ్ళుంచి నిలబడటాన్ని 1968లో నిబంధనలు నిషేధించగా ఆయన రెండు కాళ్ళూ ఒకే పక్కకు చేర్చి ఆట కొనసాగించారు. 2016 మాస్టర్స్ పోటీ మొదటి రోజున దక్షిణాఫ్రికా ఆటగాడు ఎర్నీ ఎల్స్ మొదటి గ్రీన్ మీదే ఆరు పట్‌లు తీసుకుని, నాలుగు దెబ్బలలో ముగించవలసిన చోట తొమ్మిది దెబ్బలు లెక్క వేయించుకున్నారు. అప్పటికే నాలుగు మేజర్ టైటిళ్ళు గెలిచిన వ్యక్తి ఆయన.

అయితే అందరికీ ధైర్యమిచ్చే చరిత్ర జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ లాంగర్‌ది. 1957లో పుట్టిన లాంగర్‌ను యిప్స్ ఒకసారి కాదు, పలుమార్లు వేధించింది. ప్రతిసారీ ఆయన పద్ధతి మార్చారు. ఎడమచేతిని కుడిచేతి కిందికి దించి పట్టుకున్నారు. అది కుదరనప్పుడు కర్ర కాడను ఎడమ ముంజేతికి ఆనించి, కుడిచేతితో రెంటినీ కలిపి బిగించి పట్టుకున్నారు. చూడటానికి విడ్డూరంగా ఉన్న ఈ విధానంలో మణికట్టు మెలితిరగడానికి వీలుండదు. 1985లో మాస్టర్స్ గెలిచిన లాంగర్, ఈ ముంజేతి పద్ధతితో 1993లో రెండవసారి అదే టైటిల్ గెలిచారు. ఆ తరువాత పొడవాటి పట్టర్‌కు మారారు.

1991లో అమెరికాలోని కియావా ద్వీపంలో జరిగిన రైడర్ కప్ పోటీ ఫలితం చివరకు లాంగర్ చేతిలో ఉన్న ఆరడుగుల పట్ మీద ఆధారపడింది. అది పడితే కప్పు యూరప్ దగ్గరే ఉంటుంది. పడలేదు. ప్రత్యర్థి హేల్ ఇర్విన్‌తో ఆట సమంగా ముగిసి, కప్పు అమెరికాకు దక్కింది. మరొకరైతే ఆ దెబ్బతో కుంగిపోయేవారు. లాంగర్ మరుసటి వారమే జర్మన్ మాస్టర్స్ గెలిచారు. యాభై ఏళ్ళు పైబడినవారి టూర్‌లో అదే హేల్ ఇర్విన్ నెలకొల్పిన 45 విజయాల రికార్డును 2023లో, తన 65వ ఏట, అమెరికా సీనియర్ ఓపెన్ గెలిచి దాటారు. 2024 చివరకు ఆ సంఖ్య 47కు చేరింది. లాంగర్ తన జబ్బును దాచిపెట్టలేదు. చూసేవారు నవ్వుతారని పాత పద్ధతినే పట్టుకు వేలాడలేదు. యిప్స్ బాధితులు ఆయన నుంచి నేర్చుకోవలసింది ఈ నిస్సంకోచమే.

మందు వేరు, మోతాదు వేరు

నాడీ సంబంధమైన అదురుకు పనిచేసేది కదలికను మార్చడం. ఎడమచేయి కిందికి దించడం, కుడిచేతి వేళ్ళను పక్కినట్లుగా ఆనించే 'క్లా' పద్ధతి, కాడను ముంజేతికి ఆనించడం, పొడవాటి పట్టర్, అవసరమైతే ఎడమచేతి వాటంగా ఆడటం ఇవన్నీ ఈ కోవలోనివి. మెదడు అలవాటు చేసుకున్న చెడు బాటను విడిచి కొత్త బాటను వేయడమే వీటి ఉద్దేశం. కొంతకాలానికి కొత్త బాటలోనూ అదురు తలెత్తవచ్చు. అప్పుడు మళ్ళీ మార్చవలసిందే. 2010 దశకంలో జోర్డాన్ స్పీత్ దగ్గరి పట్‌లు ఆడేటప్పుడు బంతిని చూడకుండా రంధ్రాన్నే చూస్తూ ఆడి పేరు తెచ్చుకున్నారు. ఇది కూడా ప్రయత్నించదగినదే.

ఒత్తిడి వల్ల కలిగే బిగుసుబాటుకు కావలసింది చూపు, క్రమశిక్షణ. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ పట్ ఆడేవారి చూపును పరికరాలతో కొలిచి 1992లో తన పరిశీలనను ప్రకటించారు. నిపుణులు కర్ర కదిలే ముందు నుంచి తాకిడి ముగిసేదాకా బంతి మీదే చూపు నిలుపుతారనీ, తక్కినవారి చూపు అటూ ఇటూ చెదురుతుందనీ ఆమె గమనించారు. 'నిశ్చల నేత్రం' అనదగిన ఈ విధానాన్ని అభ్యాసంతో నేర్చుకోవచ్చు. ప్రతి పట్‌కూ ఒకే వరుస పాటించాలి. వెనుక నుంచి వాలు చూడటం, ఒకసారి ఊపు, ఒకసారి రంధ్రం వైపు చూపు, తరువాత బంతి మీద నిలకడ, వెంటనే దెబ్బ. బంతి మీద వంగి ఆలోచించే ప్రతి అదనపు క్షణమూ చేతులను మరింత బిగిస్తుంది.

షాంక్ దారి వేరు

యిప్స్‌తో పాటు ఆటగాళ్ళు పేరెత్తడానికి కూడా భయపడే మరొక దోషం షాంక్. గ్రీన్‌కు చేరువగా ఇనుప కర్రతో కొట్టేటప్పుడు బంతి కర్ర ముఖం మధ్యన తగలక, ముఖం కాడతో కలిసే మెడ భాగానికి తగులుతుంది. కుడిచేతి వాటం ఆటగాడి బంతి ఏటవాలుగా కుడివైపుకు దూసుకుపోతుంది. 2017 ప్లేయర్స్ చాంపియన్‌షిప్ చివరి రంధ్రం వద్ద ఇయాన్ పౌల్టర్ వంటి ప్రపంచస్థాయి ఆటగాడికే ఇది తప్పలేదు. అయినా ఆయన తేరుకుని ఒక్క దెబ్బ నష్టంతో ఆ రంధ్రాన్ని ముగించి, రెండవ స్థానాన్ని పంచుకున్నారు.

రెండూ ఉన్నట్టుండి వస్తాయి, రెండూ సిగ్గుపడేలా చేస్తాయి కనుక చాలామంది షాంక్‌ను కూడా మనసు జబ్బుగా భావిస్తారు. వాస్తవానికి షాంక్ ప్రధానంగా కొలతల లోపం. కర్ర తల, కిందికి వచ్చేటప్పుడు, మొదలుపెట్టిన చోటుకన్నా ఒకటి రెండు అంగుళాలు బయటికి వస్తున్నదన్నమాట. బంతికి మరీ దగ్గరగా నిలబడటం, ఊపులో శరీర భారం కాలివేళ్ళ మీదికి ఒరగడం, చేతులు శరీరానికి దూరంగా జరగడం, కర్రను పిడికిలి బిగించి పట్టుకోవడం ఇందుకు సాధారణ కారణాలు.

చికిత్స కూడా కొలతలోనే ఉన్నది. బంతికి బయటి పక్కన, అంగుళం ఎడంగా మరొక బంతినో, ఖాళీ అట్టపెట్టెనో ఉంచి, దానిని తాకకుండా లోపలి బంతిని మాత్రమే కొట్టడం అభ్యసించాలి. భారం పాదాల మధ్యన ఉన్నదో లేదో గమనించాలి. మొదట సగం ఊపుతో, తరువాత ముప్పావు ఊపుతో సాగాలి. పదిపదిహేను నిమిషాల అభ్యాసంతోనే తేడా కనిపించడం అరుదు కాదు. షాంక్ భయంతో బంతికి దూరంగా జరిగి నిలబడటం మాత్రం పొరపాటు. దూరమైన బంతిని అందుకోవాలని శరీరం మళ్ళీ ముందుకే వాలుతుంది. దోషం రెట్టింపవుతుంది.

పట్టర్ ఎంపికలో పాటించవలసినవి

ఇక పనిముట్టు సంగతి. పట్టర్ల ధరలు కొన్ని వేల రూపాయల నుంచి నలభై, యాభై వేల రూపాయల దాకా ఉన్నాయి. ఖరీదుకూ, కుదురుకూ సంబంధం లేదు. ఆధునిక పట్టర్ చరిత్ర ఒక ఇంజనీరు అసంతృప్తితో మొదలైంది. నార్వేలో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ తన పట్టింగ్ బాగులేదని విసిగి, 1959లో సొంతంగా ఒక పట్టర్ తయారు చేసుకున్నారు. బంతి తగిలినప్పుడు వచ్చిన శబ్దాన్నిబట్టి దానికి 'పింగ్' అని పేరు పెట్టారు. లోహపు బరువును మధ్యన కాక రెండు కొసలకు పంచితే, బంతి నడిమికి తగలకపోయినా ముఖం అంతగా మెలితిరగదన్నది ఆయన సూత్రం. 1966లో వచ్చిన ఆయన 'ఆన్సర్' నమూనానే నేటికీ అనేక సంస్థలు అనుసరిస్తున్నాయి.

కొనేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది పొడవు. అంగళ్ళలో 33 నుంచి 35 అంగుళాలవి ఎక్కువగా దొరుకుతాయి. సహజంగా వంగి, చేతులు భుజాల కింద వేలాడేలా నిలబడినప్పుడు కళ్ళు బంతికి సూటిగా పైన గాని, కొద్దిగా లోపలి పక్కన గాని ఉండేలా పొడవును ఎంచుకోవాలి. రెండవది నేల మీద ఆనే కోణం. పట్టర్ అడుగుభాగం ముక్కు వైపు గాని, మడమ వైపు గాని పైకి లేవకూడదు. లేస్తే ముఖం చూసే దిక్కు మారుతుంది.

మూడవది తూకం. కాడను వేలిమీద అడ్డంగా నిలిపి చూస్తే కొన్ని పట్టర్ల ముఖం ఆకాశం వైపు చూస్తుంది, కొన్నింటి ముక్కు నేలవైపుకు వేలాడుతుంది. చేతులను దాదాపు నిటారు గీత మీద ఊపేవారికి మొదటి రకం, వంపు తిరిగే ఊపు ఉన్నవారికి రెండవ రకం అనువుగా ఉంటాయని శిక్షకులు చెబుతారు. నాలుగవది తల ఆకారం. సన్నని బ్లేడ్ తలలు తాకిడి అనుభూతిని బాగా అందిస్తాయి. వెడల్పైన మాలెట్ తలలు తప్పును ఎక్కువగా క్షమిస్తాయి, గురి చూసుకోవడానికి గీతలు గీసే స్థలమూ ఉంటుంది. అయిదవది పిడి మందం. మణికట్టు చురుకుదనం తగ్గించుకోదలచినవారికి లావైన పిడి కొంత సహాయపడుతుంది.

పరీక్ష చౌకైనది. నాలుగడుగుల దూరంలో సమతలమైన చోటు చూసుకుని, ఒక్కొక్క పట్టర్‌తో ఇరవై బంతులు దొర్లించి, ఎన్ని ఎడమకు పోయాయో, ఎన్ని కుడికి పోయాయో, ఎన్ని ముందే ఆగిపోయాయో కాగితం మీద వ్రాసుకోవాలి. ముఖానికి కొంచెం పౌడరు పూస్తే బంతి ఎక్కడ తగులుతున్నదో అచ్చు పడుతుంది. తప్పులన్నీ ఒకే వైపుకు పోతుంటే పొడవునో, కోణాన్నో, గురినో అనుమానించాలి. అన్ని పట్టర్లతోనూ తప్పులు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉంటే దోషం పట్టర్‌ది కాదు. మరొక ముఖ్య విషయం పచ్చిక. మన దేశంలోని అనేక మైదానాలలో బెర్ముడా జాతి గడ్డి ఉన్నది. గడ్డి వాలిన వైపుకు బంతి జోరుగా, ఎదురు వైపుకు మందంగా దొర్లుతుంది. అంగడిలోని తివాచీ మీద బాగా దొర్లిన పట్టర్‌ను సొంత మైదానపు గ్రీన్ మీద కూడా పరీక్షించిన తరువాతే డబ్బు చెల్లించడం మేలు.

పట్టర్ మార్పు ఫలించిన ఉదాహరణగా ప్రపంచ అగ్రశ్రేణి ఆటగాడు స్కాటీ షెఫ్లర్ పేరు అందరూ చెబుతారు. 2024 మార్చిలో ఆయన మాలెట్ పట్టర్‌కు మారి, ఆ వారమే ఆర్నాల్డ్ పామర్ ఇన్విటేషనల్, మరుసటి వారం ప్లేయర్స్, ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచారు. అయితే అంతకు కొన్ని నెలల ముందు నుంచే ఆయన పట్టింగ్ శిక్షకుడు ఫిల్ కెన్యన్ వద్ద తన లోపాలను సరిదిద్దుకుంటున్నారన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. రోగ నిర్ణయం ముందు జరిగింది. పనిముట్టు తరువాత వచ్చింది.

నిబంధనల హద్దులు

పొడవాటి పట్టర్ కొనదలచినవారు ఒక నిబంధన తెలుసుకోవాలి. 2011 నుంచి 2013 వరకు కీగన్ బ్రాడ్లీ, వెబ్ సింప్సన్, ఎర్నీ ఎల్స్, ఆడమ్ స్కాట్ కర్ర కొసను పొట్టకో, ఛాతీకో ఆనించి ఆడి మేజర్ టైటిళ్ళు గెలిచారు. దీనిపై వివాదం చెలరేగి, 2016 జనవరి 1 నుంచి పట్టర్‌ను శరీరానికి ఆనించి ఊపడం నిషిద్ధమైంది. పొడవాటి పట్టర్ మాత్రం నిషిద్ధం కాదు. ఛాతీకి ఎడంగా పట్టుకుని ఆడవచ్చు. కాడను ముంజేతికి ఆనించడానికీ అనుమతి ఉన్నది. నిషేధం వల్ల తన ఆట ముగిసిందనుకున్న సింప్సన్ ఈ ముంజేతి పద్ధతికి మారి 2018లో ప్లేయర్స్ చాంపియన్‌షిప్ గెలిచారు. 2019 నుంచి గ్రీన్ మీద ఆడేటప్పుడు రంధ్రంలోని జెండా కర్రను తీయకుండా ఉంచే స్వేచ్ఛ కూడా లభించింది. చూపు నిలపడానికి అది ఆసరాగా ఉందనుకునేవారు వాడుకోవచ్చు.

లోపం ఎక్కడ పుట్టింది?

మన దేశపు గోల్ఫ్‌లో పనిముట్టుకన్నా పట్టుదలే పెద్దదని నిరూపించినవారు ఉన్నారు. క్యాడీగా జీవితం మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడయ్యారు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక సంరక్షకుడి కుమారుడైన ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016, 2017 సంవత్సరాలలో వరుసగా అదే టైటిల్ గెలుచుకున్నారు. ఏ పట్టర్ దొరికితే దానితో, ఏ గ్రీన్ ఖాళీగా ఉంటే దానిమీద సాధన చేసే పిల్లలు నేటికీ ప్రతి మైదానం అంచున కనిపిస్తారు. వారికి యాభై వేల రూపాయల పట్టర్ అందని పండే. ఇరవై బంతుల పరీక్ష, బంతి పక్కన అట్టపెట్టె, నిలకడైన చూపు మాత్రం పైసా ఖర్చు లేనివి.

ఉక్కు కర్మాగారంలో ఒక రేకు పగిలివస్తే ఇంజనీర్లు రోలర్ యంత్రాన్ని అవతల పారవేయరు. ముడి ఖనిజం నుంచి కొలిమి దాకా, కొలిమి నుంచి రోలర్ దాకా ఒక్కొక్క దశనే పరిశీలించి, లోపం ఎక్కడ పుట్టిందో కనిపెట్టి అక్కడే సరిచేస్తారు. ఆ కర్మాగారం నీడలో ఉన్న గ్రీన్‌ల మీద ఆడేవారికి కూడా ఇదే దారి. మూడడుగుల పట్ తప్పినప్పుడు సంచిలోని పట్టర్ వైపు కోపంగా చూసేముందు, తప్పింది చేయా, చూపా, కొలతా అని ఒక్క నిమిషం ఆగి విచారించాలి. జవాబు దొరికిన తరువాత కూడా కొత్త పట్టర్ కావలసివస్తే, అప్పుడు కొన్నది ఖర్చు కాదు, పెట్టుబడి.